చెవిలో పువ్వా? చెవిలో పాటా?

"అయిదొందల్లో మంచి ఇయర్‌ఫోన్ ఏదండీ?" "రెండు వేలు పోస్తే పాట నిజంగా బాగా వినబడుతుందా, లేక మా చెవిలో పువ్వు పెడుతున్నారా?" ఈ మధ్య ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో, తారల పెళ్ళి కబుర్లడిగే వాటి తర్వాత, ఎక్కువగా కనబడుతున్న ప్రశ్నలు ఇవే.

సినిమా పత్రికలో ఈ చెవి గోల ఏమిటని ముక్కున వేలేసుకోకండి. ఒకప్పుడు పాటని థియేటర్లో విన్నాం, రేడియోలో విన్నాం, టేప్‌రికార్డర్లో విన్నాం. ఈ రోజు బస్సులోనూ, రైల్లోనూ, ఆఫీసులోనూ, ఆఖరికి వంటింట్లోనూ చాలామందికి పాట వినబడే చోటు ఒకటే. చెవి రంధ్రం! సంగీత దర్శకుడు కష్టపడి కట్టిన వరస, వాద్యకారులు పలికించిన ప్రతి స్వరం చివరికి ఓ 10 మిల్లీమీటర్ల పల్చటి పొర దయ మీద ఆధారపడి ఉన్నాయి. ఆ పొర సరిగ్గా పలక్కపోతే పాటలో సగం మనకి దక్కదు. దక్కలేదన్న సంగతి కూడా తెలియదు. అసలు బాధ అదీ.

ఇంతకీ నేను చేసిందేమిటంటే, వైరున్న ఇయర్‌ఫోన్లు నాలుగు రకాలు కొన్నాను. డబ్బు నాదే కనుక ఎవరి మొహమాటమూ లేదు. బోట్ వారి బేస్‌హెడ్స్ 100, రియల్‌మీ బడ్స్ 2, ఈ రెండూ అయిదొందల చుట్టుపక్కల దొరికే సరుకు. కేజడ్ ఈడీఎక్స్ ప్రో వెయ్యికి అటూ ఇటూ. మూన్‌డ్రాప్ చూ 2 రెండు వేలకి అటూ ఇటూ. చివరి రెండూ చైనాలో ఇయర్‌ఫోన్లే వృత్తిగా పెట్టుకున్న కంపెనీలవి. ధరలు పండగ సేల్‌లో దిగుతాయి, మళ్ళీ ఎక్కుతాయి. రూపాయికి రూపాయి లెక్క అడక్కండి.

వైరువే ఎందుకంటారా? అదే ధరకి వైర్‌లెస్ కొంటే మీ డబ్బులో కొంత బ్యాటరీకి, కొంత బ్లూటూత్ చిప్‌కి, కొంత ఆ డబ్బాకి పోతుంది. పాట పలికే భాగానికి మిగిలేది తక్కువ. పైగా బ్యాటరీకి ముసలితనం వస్తుంది, వైరుకి రాదు. మీ ఫోన్‌కి గుండ్రటి జాక్ లేకపోతే టైప్-సి కన్వర్టర్ ఒకటి కొనుక్కుంటే సరి.

సరే, ఇక అసలు కథ. అబిడ్స్‌లో జగదీశ్ మార్కెట్‌కి వెళ్ళి చూడండి. "ఏది బాగుంటుందయ్యా?" అంటే, "ఇది తీస్కోండి సార్, బేస్ అదిరిపోద్ది" అంటాడు కుర్రాడు. నాలుగు కొట్లు తిరిగినా అదే మాట. "మీ చెవికి ఏ సైజు రబ్బరు పడుతుంది సార్?" అని అడిగినవాడు ఒక్కడూ లేడు. నన్నడిగితే కొనేటప్పుడు వేయవలసిన మొదటి ప్రశ్న అదే. డబ్బాలో చిన్న ప్లాస్టిక్ కవరులో రెండు మూడు జతల రబ్బరు టోపీలు ఇస్తారు చూశారూ? మనలో చాలామంది వాటిని డబ్బాతో పాటు అటక మీద పడేస్తాం. నిజానికి కొన్న సొమ్ములో సగం విలువ ఆ కవర్లోనే ఉంది.

కారణం చెబుతాను. మృదంగం చూశారుగా. ఎడమ వైపు మూతకి రవ్వ ముద్ద అంటిస్తేనే గుమికి పలుకుతుంది. ముద్ద రాలిపోతే విద్వాంసుడు ఎంత గొప్పవాడైనా ఆ వైపు డొల్లగానే మోగుతుంది. ఇయర్‌ఫోన్‌దీ అలాంటి కథే. దాని పొర చాలా చిన్నది. అది కదిపే గాలి చెవి రంధ్రంలో బందీగా ఉంటేనే మంద్రం, అంటే మనం బేస్ అనేది, పలుకుతుంది. రబ్బరు పక్కన సన్నటి సందు ఉన్నా చాలు, మంద్రమంతా అందులోంచి జారిపోయి పైస్థాయి గీర మాత్రం మిగులుతుంది. అప్పుడు మనం "ఛ, చవక సరుకు" అని తిట్టుకుంటాం. సరుకు తప్పు కాదు, సందు తప్పు.

మా ఇంట్లో నాలుగు జతల చెవుల మీద ఈ ప్రయోగం చేశాను. నాకు మీడియం రబ్బరు సరిపోయింది. మా ఆవిడకి చిన్నది. మా మేనల్లుడికి కుడి చెవికి మీడియం, ఎడమ చెవికి పెద్దది! నవ్వకండి, ఒకే మనిషి రెండు చెవులూ ఒకే కొలతలో ఉండాలని ఎక్కడా లేదు. డెబ్భై దాటిన మా అత్తయ్యగారైతే "ఇవన్నీ నా చెవిలో ఉండవు నాయనా" అని మొదటే చేతులెత్తేశారు. చిన్న రబ్బరు వేసి, పెట్టుకునే పద్ధతి చూపించాక గంటసేపు తియ్యలేదు.

ఆ పద్ధతి ఇది. కుడి చెవికి పెట్టుకునేటప్పుడు ఎడమ చేతిని తల వెనక నుంచి తెచ్చి, కుడి చెవి పై కొసని మెల్లిగా పైకీ వెనక్కీ లాగండి. చెవి రంధ్రం తిన్నటి గొట్టం కాదు, వంకర ఉంటుంది. అలా లాగితే వంకర కాస్త సర్దుకుంటుంది. అప్పుడు ఇయర్‌ఫోన్ నెమ్మదిగా లోపలికి పెట్టి చెవిని వదిలెయ్యండి. బయటి ఫ్యాను చప్పుడు ఒక్కసారిగా తగ్గితే కుదిరినట్టు. నొప్పి పెడితే మాత్రం సైజు తగ్గించండి, బలవంతం పనికిరాదు.

కుదిరిందో లేదో తేల్చడానికి నా దగ్గరో పాత చిట్కా ఉంది. 1957 నాటి 'మాయాబజార్'లో వెన్నెల్లో పడవ పాట పెట్టండి. ఘంటసాల, పి.లీల పాడినది. ఆ రోజుల రికార్డింగు మోనో, అంటే రెండు చెవులకీ వచ్చేది ఒకే శబ్దం. కనుక గొంతు సరిగ్గా తల నడిమధ్యన వినబడాలి. ఓ పక్కకి ఒరిగిందా, రెండో పక్క రబ్బరు కుదరలేదని అర్థం. రబ్బరు మార్చినా ఒరుగుతూనే ఉంటే ఇయర్‌ఫోన్‌లోనే తేడా ఉంది, వాపసు ఇచ్చెయ్యండి. తర్వాత చేర్చిన వాద్యాలతో 'స్టీరియో' చేసినవి దొరుకుతాయి, వాటితో ఈ పరీక్ష కుదరదు. పాతదే పెట్టాలి.

ఇక శబ్దం సంగతి. మన చెవి రంధ్రం ఓ పక్క మూసిన చిన్న వేణువు లాంటిది. మామూలుగా తెరిచి ఉన్నప్పుడు 3,000 హెర్ట్జ్ దాపుల్లోని శబ్దాన్ని తనంతట తానే పెంచుతుంది. గొంతులోని స్పష్టత ఉండేది ఆ ప్రాంతంలోనే. రబ్బరుతో మూసేశామా, ఆ సాయం తప్పిపోతుంది. అందుకని తయారీదారు ఆ లోటుని తన ఇయర్‌ఫోన్‌లోనే పూడ్చి ఇవ్వాలి. పూడ్చకపోతే గాయకుడు దుప్పటి కప్పుకుని పాడినట్టుంటుంది. ఎక్కువ పూడిస్తే 'స', 'శ' అక్షరాలు చెవిలో గీసుకుంటాయి. చవక సరుక్కీ మంచి సరుక్కీ తేడా తెలిసిపోయేది ఇక్కడే, బేస్ దగ్గర కాదు.

నాలుగింటికీ సరైన రబ్బరు వేశాకే పోటీ పెట్టాను. మొదట 'మాయాబజార్', తర్వాత కె.వి.మహదేవన్ 'శంకరాభరణం' (1980), ఇళయరాజా 'గీతాంజలి' (1989), చివరికి కీరవాణి 'ఆర్ఆర్ఆర్' (2022).

బేస్‌హెడ్స్ 100 పేరుకి తగ్గట్టే ఉంది. 2023లో ఆస్కార్ కొట్టిన ఆ 'ఆర్ఆర్ఆర్' డాన్సు పాటకి దీని హుషారే వేరు, డప్పు గుండెల్లో మోగుతుంది. 'శంకరాభరణం'కి వచ్చేసరికి మృదంగం నాదం పెద్దదై వీణ తీగ కాస్త వెనక్కి జరిగింది. తేలికైన సరుకు, వైరు కిందికి వేలాడుతుంది, పెట్టుకోవడం తియ్యడం క్షణంలో పని. ఫోన్లో మాట్లాడుకుంటూ మాస్ పాటలు వినేవాళ్ళకి ఇది చాలు.

రియల్‌మీ బడ్స్ 2 దీ హుషారు స్వభావమే. లోపలి పొర 11.2 మిల్లీమీటర్లు, నలుగురిలో పెద్దది. వాడనప్పుడు రెండు బుడిపెలూ అయస్కాంతంతో అతుక్కుని మెడలో హారంలా ఉంటాయి, చిక్కులు పడవు. నా చెవికి గొంతులు దీంట్లో ఓ పిసరు ముందుకొచ్చినట్టు తోచింది. అయిదొందల తరగతిలో నా ఓటు దీనికే, ఒక్క ఓటు తేడాతో.

ఈడీఎక్స్ ప్రో అచ్చం రికార్డింగ్ స్టూడియోల్లో, వేదికల మీద గాయకులు పెట్టుకునే రకం ఆకారం. వైరు చెవి పైనుంచి వెనక్కి తిరిగి వస్తుంది. దీనివల్ల ఒక లాభం ఉంది. నడుస్తుంటే వైరు చొక్కాకి రాసుకుని చెవిలో 'గర్రు' మనే గోల బాగా తగ్గుతుంది. కిందా పైనా ఉత్సాహం ఎక్కువ, నడుమ కొంచెం వినయం. 'గీతాంజలి'లో బేస్ గిటార్ తన దారిన తాను నడిచి వెళ్ళడం వేరుగా వినబడింది. చిక్కల్లా దాని పెద్ద ఒళ్ళు. మా ఆవిడ చిన్న చెవికి అరగంట తర్వాత బరువనిపించింది. చెవి చిన్నదైనవాళ్ళు పెట్టుకుని చూశాకే కొనాలి.

ఇక చూ 2. చిన్న లోహపు గుండు. దీని వైరు కూడా చెవి పైనుంచే. తొలిసారి వినగానే "ఇదేమిటి, బేస్ ఏదీ?" అన్నాడు మా మేనల్లుడు. రెండు రోజులు విన్నాక తిరిగివ్వనన్నాడు! కారణం ఏమిటంటే దీంట్లో ఎవరి చోట్లో వాళ్ళు కూర్చుంటారు. 'శంకరాభరణం'లో బాలు, వాణీ జయరాం గొంతుల్లో ఊపిరి తీసే చోటు తెలుస్తుంది. మృదంగం మృదంగంలాగే ఉంటుంది, డప్పు కాదు. 'గీతాంజలి'లో వయొలిన్ల గుంపు కలగాపులగం కాకుండా ఆ పక్కా ఈ పక్కా పరుచుకుంటుంది. వైరు తెగితే వైరొక్కటే మార్చుకోవచ్చు, ఈడీఎక్స్ ప్రోకీ ఆ వీలుంది. అయితే రెండిటి పిన్నులూ వేరు, ఒకదాని వైరు రెండోదానికి పట్టదు. ఇంకో మాట. మామూలు చూ 2కి మైకు ఉండదు. ఫోన్ మాటలు ముఖ్యమైతే కొనేముందు చూసుకోండి.

ఇంతా విన్నాక చెప్పొచ్చేదేమంటే, సైజు కుదరని రెండు వేలదాని కంటే సైజు కుదిరిన అయిదొందలదే మేలు. ఇది చమత్కారానికి చెప్పడం లేదు. చూ 2కి కావాలనే వదులు రబ్బరు వేసి విన్నాను. బేస్ మాయమైంది, బాలు గొంతు ట్రాన్సిస్టర్లోంచి వచ్చినట్టు పలచబడింది. రెండు వేలూ గాలికి పోయాయి.

గాలికి పోయేది డబ్బొక్కటే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. వదులుగా ఉంటే బస్సు హోరు లోపలికొస్తుంది. హోరుని మించి వినాలని వాల్యూమ్ పెంచుతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళకి 80 డెసిబెల్స్ శబ్దం వారానికి 40 గంటల వరకు ఫరవాలేదు. అక్కడినుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ గడువు సగమవుతుంది. 83కి 20 గంటలు, 86కి 10, 89కి 5. పిల్లలకైతే 40 గంటల హద్దు 75 దగ్గరే. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి రోమకణాలు ఒకసారి చచ్చిపోతే మళ్ళీ మొలవవు. వినికిడి సాధారణంగా పైస్థాయి నుంచి తగ్గుతూ వస్తుంది. అంటే ముందుగా తాళాల తళుకు, వేణువులోని ఊపిరి మాయమవుతాయన్నమాట. పాట మీద ఇష్టంతోనే పాటని పోగొట్టుకోవడం అంటే ఇదే.

సరిగ్గా కుదిరిన రబ్బరు బయటి గోలని తనే ఆపుతుంది కనుక సగం వాల్యూమ్‌లోనే సరిపోతుంది. తీసేశాక చెవిలో 'కుయ్' మని మోగుతుంటే అది హెచ్చరిక, రెండు రోజులు విరామం ఇవ్వండి. తగ్గకపోతే డాక్టరుకి చూపించండి. రోడ్డు దాటేటప్పుడు, రైలు పట్టాల దగ్గర చెవిలో ఏదీ ఉండకూడదు. రబ్బర్లని వారానికోసారి తీసి సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టండి. గులిమి అడ్డుపడ్డా ఒక పక్క శబ్దం తగ్గుతుంది. ఎంత ప్రాణస్నేహితుడైనా ఇయర్‌ఫోన్ అరువివ్వకండి.

కనుక అయిదొందలున్నవారు బడ్స్ 2తో హాయిగా సర్దుకోవచ్చు. వెయ్యి ఉంటే, చెవి కాస్త పెద్దదైతే ఈడీఎక్స్ ప్రో. పాత పాటల పిచ్చి ఉండి రెండు వేలు పెట్టగలిగితే చూ 2. ఏది కొన్నా సరే, ఆ రాత్రే అన్ని సైజుల రబ్బర్లూ పడవ పాటతో పరీక్షించి చూసుకోండి.

వచ్చేవారం మరో తగాదా తీరుద్దాం. ఇంట్లో టీవీకి పెట్టుకునే సౌండ్‌బార్‌తో థియేటర్ అనుభవం వస్తుందా, రాదా? అంతదాకా చెవులు జాగ్రత్త!