ఏంజెల్ ట్యాక్స్ పోయింది.. ఆవిష్కరణలపై పెట్టుబడికి పరీక్ష తప్పదు

స్టార్టప్ సంస్థలకు ఏళ్ల తరబడి తలనొప్పిగా ఉన్న ‘ఏంజెల్ ట్యాక్స్’ను కేంద్ర ప్రభుత్వం 2024 జులై బడ్జెట్‌లో రద్దు చేసింది. నల్లధనాన్ని అరికట్టే ఉద్దేశంతో 2012లో తెచ్చిన పన్ను ఇది. స్టాక్ మార్కెట్‌లో నమోదు కాని కంపెనీ తన వాటాలను సముచిత విలువకు మించిన ధరకు జారీ చేస్తే, ఆ అదనపు మొత్తాన్ని కంపెనీ ఆదాయంగా లెక్కగట్టి పన్ను విధించేవారు. నిజాయతీగా నడిచే సంస్థలకూ నోటీసులు రావడంతో పరిశ్రమ వర్గాలు దీన్ని ఎత్తివేయాలని చాలాకాలం కోరాయి.

పన్ను పోయినంత మాత్రాన ‘ఈ వాటాకు అంత విలువ ఉందా?’ అన్న ప్రశ్న పోలేదు. ఇదివరకు ఆదాయపు పన్ను అధికారి అడిగిన ఆ ప్రశ్నను ఇకపై మదుపరే అడగాలి. పెద్ద పెట్టుబడి నిధులకు ఇందుకు నిపుణుల బృందాలు ఉంటాయి. పదవీ విరమణ సొమ్మునో, విదేశంలో కూడబెట్టిన పొదుపునో బంధువు లేదా మిత్రుడు ప్రారంభించిన కంపెనీలో పెట్టే సామాన్యుడికి అలాంటి అండ ఉండదు.

పనిచేస్తుందా?

ఆవిష్కరణ చెప్పినట్లు పనిచేస్తుందా అన్నది తొలి ప్రశ్న. దీన్ని విస్మరిస్తే ఏమవుతుందో అమెరికాలోని థెరనోస్ ఉదంతం చాటింది. వేలి కొన నుంచి తీసిన కొన్ని రక్తపు చుక్కలతో పదుల కొద్దీ పరీక్షలు చేస్తామంటూ 2003లో మొదలైన ఈ సంస్థ 70 కోట్ల డాలర్లకు పైగా సమీకరించింది. ఒక దశలో దాని విలువను 900 కోట్ల డాలర్లుగా లెక్కగట్టారు. అమెరికా విదేశాంగ మాజీ మంత్రులు హెన్రీ కిసింజర్, జార్జ్ షుల్ట్జ్ వంటివారు దాని బోర్డులో ఉన్నారు. ఆ పరికరం చేయగలిగిన పరీక్షలు కొన్నేనని, మిగిలినవాటిని ఇతర కంపెనీల యంత్రాలపై చేస్తున్నారని 2015 నుంచి ఒక్కొక్కటిగా బయటపడింది. 2018లో సంస్థ మూతపడింది. వ్యవస్థాపకురాలు ఎలిజబెత్ హోమ్స్‌కు 2022లో 11 ఏళ్లకు పైగా జైలు శిక్ష పడింది.

బోర్డులోని ప్రముఖుల పేర్లు సాంకేతికతకు రుజువు కావన్నది ఇందులోని పాఠం. ఆవిష్కర్త తన గదిలో తానే చేసి చూపే ప్రదర్శన కూడా రుజువు కాదు. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న స్వతంత్ర ప్రయోగశాలలో పరీక్ష జరిపించాలి. ఆవిష్కర్త పక్కన లేకుండా మరొకరు చేసినా అదే ఫలితం రావాలి.

హక్కు ఎవరిది?

‘పేటెంట్‌కు దరఖాస్తు చేశాం’ అన్న మాటకూ, ‘పేటెంట్ మంజూరైంది’ అన్న మాటకూ చాలా తేడా ఉంది. దరఖాస్తు సాధారణంగా 18 నెలల తర్వాత ప్రచురితమవుతుంది. పరిశీలన కోరుతూ విడిగా విజ్ఞప్తి చేస్తేనే అధికారులు దాన్ని పరీక్షిస్తారు. ఈ విజ్ఞప్తికి ఉన్న 48 నెలల గడువును 2024 నిబంధనలు 31 నెలలకు తగ్గించాయి. మంజూరైన పేటెంట్ దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు అమల్లో ఉంటుంది. అదీ ఏటా రుసుము చెల్లిస్తేనే. భారత్‌లో పొందిన పేటెంట్ ఇతర దేశాల్లో చెల్లదు.

1970 నాటి పేటెంట్ల చట్టంలోని మూడో సెక్షన్ ప్రకారం వ్యాపార పద్ధతులకు, కేవలం కంప్యూటర్ ప్రోగ్రామ్‌లకు పేటెంట్ దక్కదు. కాబట్టి ‘మా వ్యాపార ఆలోచనకు పేటెంట్ వస్తుంది’ అని ఎవరైనా చెబితే సందేహించాలి. హక్కు కంపెనీ పేరిట ఉందా, ఆవిష్కర్త పేరిట ఉందా అన్నదీ చూడాలి. పేటెంట్ వ్యక్తి చేతిలోనే ఉంటే, పెట్టుబడి పెట్టిన కంపెనీ చేతిలో మిగిలేది ఖాళీ కార్యాలయమే కావచ్చు.

కొనేదెవరు?

వస్తువు చక్కగా పనిచేసినా జనం కొనకపోవచ్చు. 2008 జనవరిలో టాటా మోటార్స్ ఆవిష్కరించిన నానో కారు బూటకం కాదు. లక్ష రూపాయల ధర ఇంజినీరింగ్ పరంగా అపూర్వమే. సాణంద్‌లో ఏడాదికి రెండున్నర లక్షల కార్ల సామర్థ్యంతో కర్మాగారం వెలిసింది. అయినా ఏ సంవత్సరమూ అమ్మకాలు లక్షకు చేరలేదు. 2018లో ఉత్పత్తి ఆగిపోయింది. చౌక కారుగా ముద్ర పడటం దెబ్బతీసిందని రతన్ టాటాయే తర్వాత అంగీకరించారు.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ హైదరాబాద్‌లోనే ఉంది. 1993లో వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్, 1997లో హెపటైటిస్-బి టీకాను దేశీయంగా రూపొందించి విపణిలోకి తెచ్చింది. ఈ తరహా టీకా ప్రపంచానికి కొత్తది కాదు. విదేశాల్లో అప్పటికే నిరూపితమైంది. దిగుమతి టీకా ధర సామాన్యుడికి అందనంత ఎక్కువ. అవసరం ఎంతో, ఏ ధరకు కొంటారో ముందే స్పష్టంగా ఉంది. ఒమన్ నుంచి వచ్చిన పెట్టుబడి ఆ లెక్కను నమ్మింది. 2009లో ఫ్రెంచ్ దిగ్గజం సనోఫీ ఈ కంపెనీని సొంతం చేసుకుంది.

డబ్బు ఎలా అడుగుతున్నారు?

కంపెనీల చట్టం-2013లోని 42వ సెక్షన్ సామాన్య మదుపరికి రక్షణ కవచం. ప్రైవేటు ప్లేస్‌మెంట్ ద్వారా వాటాలు జారీ చేసే కంపెనీ బహిరంగ ప్రకటనలు ఇవ్వకూడదు. నగదు తీసుకోకూడదు. డబ్బు అందిన 60 రోజుల్లో వాటాలు కేటాయించాలి. లేదంటే తర్వాతి 15 రోజుల్లో తిరిగి చెల్లించాలి. అదీ చేయకపోతే 12 శాతం వడ్డీ కట్టాలి. చేతికి నగదు ఇమ్మనేవారు ఈ తొలి మెట్టులోనే తప్పిపోతారు. వాటా పేరు చెప్పి ‘నెలకు ఇంత రాబడి ఖాయం’ అనేవారు మరింత ప్రమాదకారులు. వాటాకు ఖాయమైన రాబడి ఉండదు. అది అనుమతి లేని డిపాజిట్ అయితే 2019 నాటి చట్టం ప్రకారం నేరం కూడా.

ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానాలు కాగితంపై దొరికాక కూడా నష్టభయం పూర్తిగా పోదు. కొత్త కంపెనీ వాటాలను కావాలనుకున్నప్పుడు అమ్ముకునే వీలు సాధారణంగా ఉండదు. అందుకే పిల్లల చదువుకు, వైద్యానికి దాచిన సొమ్మును దీనికి తాకనీయకూడదు. పెట్టే మొత్తాన్నీ ఒకేసారి ఇవ్వకుండా, నమూనా పరీక్ష పూర్తయ్యాక కొంత, తొలి కొనుగోలుదారు దొరికాక కొంత ఇచ్చేలా ఒప్పందం రాసుకోవడం మేలు. సత్తా ఉన్న ఆవిష్కర్త ఈ షరతులకు వెనుకాడడు. ‘ఈ వారంలోనే నిర్ణయించుకోండి, లేదంటే అవకాశం పోతుంది’ అని తొందరపెడితే, ఆ అవకాశాన్ని వదులుకోవడమే క్షేమం.