చాక్లెట్ పాకమూ, చివరి తూటా

"అది నెత్తురు కాదు, చాక్లెట్ పాకం. ఇందులో భయమేముంది?" అంటూ జార్జ్ రొమెరో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' (1968)ను చూసి పెదవి విరిచేవారున్నారు. నిజమే, పాకమే. సుమారు 1,14,000 డాలర్లతో, నలుపు తెలుపుల్లో తీసిన చిత్రమది.

కానీ భయం ఉన్నది అక్కడ కాదు. రాత్రంతా నడిచే శవాలతో పోరాడి బతికిన నల్లజాతి కథానాయకుడు బెన్, తెల్లవారాక శవాలను వేటాడవచ్చిన మనుషుల తూటాకే బలవుతాడు. అతడిని కొక్కేలతో లాగి మంటల పాలుచేసే దృశ్యాలు నిశ్చలచిత్రాలుగా, వార్తాపత్రికల ఫొటోల్లా కనిపిస్తాయి.

పొరపాటున కాల్చారు, అంతేగా అంటారా? బతికున్న మనిషిని శవంగా చూసిన ఆ చూపుకన్నా భయానకమైనదేది? పాకాన్ని పసిగట్టిన కళ్ళకు ఆ ఫొటోలు ఎందుకు ఆనలేదు? లోపం చవక చిత్రానిదా, మన చూపుదా?