మీట నొక్కిన చేతికి జవాబు

బస్తర్‌లో మీటకు, మాటకు సంబంధం కొత్తది కాదు. పాత్రికేయుడు శుభ్రాంశు చౌధరి 2010లో ప్రారంభించిన 'సీజీనెట్ స్వర' అనే టెలిఫోను సేవ ద్వారా, చదువురాని గోండులు సయితం తమ గోడు తమ భాషలోనే లోకానికి వినిపించగలిగారు. చెప్పదలచినవారు 1 అంకె, వినదలచినవారు 2 అంకె నొక్కేవారు. నొక్కగానే అవతలి నుండి ఒక కంఠం పలకాలి. పలకకపోతే ఆ అంకె చేరినదో లేదో తెలుసుకునే దారి వారికి మరొకటి లేదు.

కంప్యూటరు ముందు కూర్చున్న అంధుని పరిస్థితి సరిగా ఇదే. తెరమీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడరే అతనికి ఆధారం. అటువంటి వాటిలో ఎన్.వి.డి.ఎ. ప్రసిద్ధమైనది. ఆస్ట్రేలియా దేశస్థుడు, స్వయంగా అంధుడు అయిన మైకేల్ కర్రన్ 2006లో దీని రచనకు పూనుకున్నాడు. అంధుడే అయిన మిత్రుడు జేమ్స్ టే అతనికి తోడయ్యాడు. ఇది ఉచితంగా లభిస్తుంది. పైథాన్ భాష తెలిసినవారు తమ అవసరానికి తగిన స్క్రిప్టులు వ్రాసి దీనికి చేర్చుకోవచ్చు.

దక్షిణ బస్తర్‌లో తెలుగు కూడా వినిపించే భోపాల్‌పట్నం వంటి ఊరిలో అంధుడైన గుమాస్తా ఒకడు ఉన్నాడనుకుందాం. అతని పని పింఛనుదారుల జాబితా చూడడం. కింది బాణం మీట నొక్కితే తరువాతి వరుసలోని పేరు, మొత్తం కలిపి వినిపించేటట్లు అతడొక స్క్రిప్టు వ్రాయించుకున్నాడు. మరునాడు మీట ఎన్నిసార్లు నొక్కినా మొదటి పేరే వినిపిస్తున్నది. కంప్యూటరు చెడిపోయినదా? లేదు. మీట దారిలో చిక్కుకున్నది.

నొక్కిన మీట తిన్నగా జాబితాకు చేరదు. ముందుగా స్క్రీన్ రీడర్ చేతిలో పడుతుంది. అది ఆ మీట తమదనే స్క్రిప్టు ఏదైనా ఉన్నదా అని వరుసగా విచారిస్తుంది: మొదట అన్నిటికీ వర్తించే స్క్రిప్టులు, పిమ్మట ఆ ప్రోగ్రాముకు చెందినవి, చివరకు తన సొంత ఆజ్ఞలు. మొదట తమదన్నవారికే మీట దక్కుతుంది. కచేరీ గుమ్మంలో ఉత్తరం అందుకున్న జవాను దానిని లోపలికి పంపకుండా తన జేబులో వేసుకుంటే అధికారికి ఏమి తెలుస్తుంది?

దోషం ఎక్కడున్నదో పట్టడానికి సులువైన పరీక్షలు ఉన్నాయి. ఇన్సర్ట్ మీటతో 1 నొక్కితే, ఆపైన నొక్కిన ప్రతి మీట పేరు, దాని పని వినిపిస్తాయి. పని మాత్రం జరగదు. ఇన్సర్ట్‌తో ఎఫ్2 నొక్కి, పిమ్మట బాణం నొక్కితే, ఆ ఒక్కసారికి మీట ఎవరి చేతా పడకుండా జాబితాకు చేరుతుంది. అప్పుడు వరుస కదిలినదంటే దోషం స్క్రిప్టుదే. స్క్రిప్టు మధ్యలో విఫలమైతే, ఏ పంక్తిలో విఫలమైనదో లాగ్‌లో నమోదై ఉంటుంది.

గుమాస్తా స్క్రిప్టులో మీటను తిరిగి పంపే ఆజ్ఞ లేదు. దానిని చేర్చగానే వరుస కదిలినది. కాని అసలు ప్రమాదం ఇప్పుడే మొదలైనది. మీటను పంపిన క్షణంలోనే స్క్రిప్టు చదవబోతే జాబితా ఇంకా కదిలి ఉండదు. వినిపించేది పాత వరుస. చెవికి ఒకరి పేరు, చేతికింద మరొకరి ఖాతా. మౌనం కంటే ఇది కీడు. మౌనాన్ని మనిషి అనుమానిస్తాడు, తప్పు మాటను నమ్ముతాడు. ఒక వృద్ధురాలి పింఛను పొరుగింటి పద్దులో పడడానికి ఇంతకంటే ఏమి కావాలి?

ఇటువంటి జాబితాలో మీటను పట్టుకోవడం మాని, వరుస మారినదన్న వార్తను పట్టుకోవడం మేలు. వరుస నిజంగా మారిన తరువాతనే ఆ వార్త వస్తుంది కనుక, వినిపించేది కొత్త వరుసే అవుతుంది. అయితే ఇక్కడా జవాను ధర్మం తప్పదు. ఆ వార్తను 'నెక్స్ట్ హ్యాండ్లర్' అనే పిలుపుతో తరువాతి వారికి అందజేయాలి. లేకపోతే స్క్రీన్ రీడర్ తాను చెప్పవలసినది చెప్పదు. బ్రెయిలీ పలక మీది చుక్కలు కూడా మారవు.

దిద్దిన స్క్రిప్టును పరీక్షించవలసినది చూపున్నవాని కన్ను కాదు. తెరను ఆర్పివేసి, పది వరుసలు దిగి, ఐదు వరుసలు ఎక్కి, విన్న ప్రతి పేరునూ ఖాతాతో సరిచూడాలి. అన్నీ సరిపోయిననాడే ఆ స్క్రిప్టు ఆ గుమాస్తా చేతికి ఇవ్వదగినది.