లోలోపల పాకే జబ్బు

ప్రశ్న: పెళ్లయి నాలుగేళ్లయింది. పిల్లలు లేరు. అప్పుడప్పుడు తెల్లబట్ట, పొత్తికడుపులో నొప్పి. అత్తగారు వేడి చేసిందంటారు. సూళ్లూరుపేటలో చూపించుకుంటే క్లమీడియా పరీక్ష చేయించమన్నారు. అది సుఖవ్యాధి అట! మావారికి ఎలా చెప్పను?
– ఒక సోదరి, శ్రీహరికోట

జవాబు: అమ్మా, ముందు భయం మానండి. తెల్లబట్ట కనిపించినంత మాత్రాన క్లమీడియా అని కాదు. తేలినా అది పూర్తిగా నయమయ్యే జబ్బే.

ఇది వేడివల్లా, తిండివల్లా రాదు. సంభోగం ద్వారా సోకే ఒక సూక్ష్మజీవి వల్ల వస్తుంది. చాలామంది స్త్రీలలో ఏ బాధా ఉండదు. అదే దీనితో వచ్చిన చిక్కు. కొందరికి తెల్లబట్ట, మూత్రంలో మంట, పొత్తికడుపు నొప్పి, కలయిక తర్వాత రక్తం కనిపించడం ఉంటాయి. అశ్రద్ధ చేస్తే క్రిమి గర్భసంచి దాటి అండవాహికలకు పాకుతుంది. అవి మూసుకుపోతే సంతానం కలగదు. గర్భం వాహికలోనే నిలిస్తే ప్రాణాపాయం. కాన్పులో బిడ్డ కళ్లకు, ఊపిరితిత్తులకు కూడా సోకవచ్చు.

మామూలు రక్తపరీక్షలో ఇది బయటపడదు. యోని నుంచి దూదిపుల్లతో తీసిన స్రావంలో గాని, మూత్రంలో గాని క్రిమి జన్యుపదార్థాన్ని వెతుకుతారు. నొప్పి ఉండదు. హెచ్.ఐ.వి., సిఫిలిస్ పరీక్షలు కూడా చేయించండి.

జబ్బు ఉందని తేలితే సాధారణంగా డాక్సీసైక్లిన్ ఏడు రోజులు ఇస్తారు. గర్భిణులకు అది కూడదు, అజిత్రోమైసిన్ ఇస్తారు. సొంతంగా కొని వాడవద్దు. మీవారు కూడా మందు వాడాలి. లేకపోతే మీకు మళ్లీ సోకుతుంది. ఇద్దరి చికిత్సా పూర్తయ్యేదాకా దూరంగా ఉండండి. మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకోండి.

ఇక మీ అసలు బెంగ. ఈ క్రిమి లక్షణాలు లేకుండా నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏడాదికి పైగా ఒంట్లో ఉండగలదు. ఎవరి నుంచి ఎవరికి, ఎప్పుడు వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. కనుక ఒకరినొకరు నిందించుకుని లాభం లేదు. “డాక్టరుగారు ఇద్దరినీ రమ్మన్నారు” అని చెప్పి మీవారిని వెంటబెట్టుకు వెళ్లండి. జిల్లా ఆస్పత్రులలో, ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రులలో సురక్ష క్లినిక్కులు ఉన్నాయి. సలహా, మందులు ఉచితం. విషయం గోప్యంగా ఉంచుతారు.

మందు క్రిమిని చంపుతుంది గాని, అప్పటికే మూసుకున్న వాహికను తెరవలేదు. అందుకే ఆలస్యం చేయకండి. చికిత్స అయ్యాక మీకు వాహికల ఎక్స్‌రే, మీవారికి వీర్యపరీక్ష చేయించండి. సంతానం లేకపోవడానికి కారణం భార్యలోనే ఉంటుందనుకోవడం పొరపాటు.