కలానికి పని తగ్గింది, కంటికి పెరిగింది

2025 మే నెలలో అమెరికాలోని షికాగో సన్-టైమ్స్ పత్రికతో పాటు వచ్చిన అనుబంధంలో, ఈ వేసవిలో చదవదగ్గవంటూ పదిహేను పుస్తకాల జాబితా ఒకటి వెలువడింది. రచయితలందరూ పేరున్నవారే. కానీ అందులో పది పుస్తకాలను ఎవరూ రాయలేదు. ఇసబెల్ అయెందే పేరిట ‘టైడ్‌వాటర్ డ్రీమ్స్’ అనీ, ఆండీ వియర్ పేరిట ‘ది లాస్ట్ ఆల్గరిథమ్’ అనీ లేని నవలలను కథాసారాంశంతో సహా అల్లి పెట్టింది ఏఐ. జాబితా తయారుచేసిన ఫ్రీలాన్సర్ దాన్ని సరిచూడలేదు. అతని దగ్గర కొన్న సిండికేటు సంస్థ సరిచూడలేదు. అచ్చువేసిన పత్రికా సరిచూడలేదు. ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పాఠకులకూ ఇదే జాబితా చేరింది. అంతకు కొద్ది నెలల ముందే సన్-టైమ్స్ సిబ్బందిలో దాదాపు ఐదోవంతు మంది స్వచ్ఛంద విరమణ తీసుకుని వెళ్లిపోయారు.

యంత్రం అబద్ధమాడిందని నవ్వుకుని ఈ ఉదంతాన్ని అందరం వదిలేశాం. నిజానికి యంత్రం తనకు చేతనైనదే చేసింది. ముందున్న మాటలను బట్టి తరవాత ఏ మాట రావచ్చో లెక్కగట్టి వాక్యం పేర్చడమే దాని పని. ఆ వాక్యం నిజమా కాదా అన్నది ఆ లెక్కలో లేదు. చేయాల్సిన పని మానుకున్నది మధ్యనున్న మనుషులు. రాయడం చవకైపోయిన రోజుల్లో చదివి పట్టుకోవడం ఖరీదైన పని అవుతుంది. వృత్తి రచయితకు ఏఐ ఎంత మేలు, ఎంత కీడు అన్న చర్చ ఇక్కడి నుంచి మొదలుపెడితేనే తెగుతుంది.

మేలు లేదనడం మొండితనం. ఎంఐటీ పరిశోధకులు షాకెద్ నోయ్, విట్నీ ఝాంగ్ 2023లో సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో డిగ్రీ చదివిన 453 మంది ఉద్యోగులకు తమ వృత్తికి సంబంధించిన రాతపని ఇచ్చారు. అందులో సగం మందికి చాట్‌జీపీటీ వాడుకునే వీలు కల్పించారు. వాడినవారికి పట్టిన సమయం సగటున 40 శాతం తగ్గింది, రాతకు పడ్డ మార్కులు 18 శాతం పెరిగాయి. మన దగ్గరా రోజూ కలం పట్టేవాళ్లకు ఇది అనుభవంలోకి వచ్చింది. గంటసేపు సాగిన ఇంటర్వ్యూను రికార్డింగు నుంచి అక్షరాల్లోకి దించడం, రెండు వందల పేజీల కాగ్ నివేదికలో మన జిల్లా ప్రస్తావన ఎక్కడుందో వెతకడం, పెద్ద వ్యాసాన్ని మూడు వందల మాటల్లోకి కుదించడం, రాసిన దాంట్లో చెప్పిందే రెండుసార్లు చెప్పామేమో చూసుకోవడం వంటి పనుల్లో అది బాగా అక్కరకొస్తుంది. వీటన్నిటికీ ఒక సామాన్య లక్షణం ఉంది. మూలం మన చేతిలో ఉంటుంది. యంత్రం ఇచ్చిందాన్ని మూలంతో పోల్చి తప్పు పట్టగలం.

మూలం చేతిలో లేనప్పుడు, ఉన్నా అందులోనే సంగతి లోపించినప్పుడు చిక్కు. తెలుగు పత్రికల డెస్కు నుంచే ఒక మచ్చు చూద్దాం. తుపాను వానలకు పంట నష్టమని ఇంగ్లిష్‌లో ఏజెన్సీ కాపీ వస్తుంది. దాన్ని ఏఐకి ఇస్తే క్షణంలో తెలుగు చేస్తుంది: ‘భారీ వర్షాల కారణంగా వరి పంట తీవ్రంగా ప్రభావితం చేయబడింది. నష్టం యొక్క అంచనా అధికారుల ద్వారా నిర్వహించబడుతోంది.’ భాష సంగతి అటుంచండి, దాన్ని ఏ సబ్ఎడిటరైనా రెండు నిమిషాల్లో దిద్దుతాడు. పల్లె ఎరిగిన సబ్ఎడిటర్ ఇక్కడ ఇంకో ప్రశ్న వేస్తాడు. పైరు నిలబడి ఉండగా ఒరిగిందా? కోసి పనల మీద ఉండగా తడిసిందా? కుప్ప వేశాక నీళ్లొచ్చాయా? కళ్లంలో ధాన్యం మొలకెత్తిందా? ఒక్కోదానికి నష్టం వేరు, పరిహారం లెక్క వేరు, రైతు ముందున్న దారి వేరు. కాపీలో ఆ సంగతి లేదు కాబట్టి యంత్రానికి దాని లోటే తెలియదు. మండల కంట్రిబ్యూటర్‌కు ఫోను చేస్తే తెలుస్తుంది. ఫోను చేయాలని తట్టడమే పాత్రికేయం.

ఊళ్ల పేర్లది మరో గొడవ. ఇంగ్లిష్ స్పెల్లింగులో దీర్ఘం ఎక్కడో, త ఏదో ట ఏదో, ల ఏదో ళ ఏదో కనిపించదు. పేరున్న పట్టణాలైతే యంత్రం సరిగ్గానే రాస్తుంది. మారుమూల ఊరైతే తోచినట్టు రాస్తుంది, అదీ అంతే ధీమాగా రాస్తుంది. తన ఊరి పేరు తప్పుగా అచ్చయిన జిల్లా ఎడిషన్‌ను ఆ ఊరివాడు మర్నాడు ఎలా చూస్తాడో చెప్పనక్కర్లేదు.

యంత్రం తెలుగు ఇలా ఉండటానికి కారణం మన చరిత్రలోనే ఉంది. ఏఐ నమూనాలు పాఠాన్ని టోకెన్లనే ముక్కలుగా కోసుకుని చదువుతాయి. 2024 మేలో జీపీటీ-4ఓ విడుదల చేసినప్పుడు ఓపెన్‌ఏఐ ఇచ్చిన మచ్చులో తెలుగు పాఠానికి పాత పద్ధతిలో 159 టోకెన్లు పట్టగా కొత్త పద్ధతిలో 45 చాలాయి. అదే పాఠానికి ఇంగ్లిష్‌లో 24 సరిపోయాయి. ముక్కలు కోసే తీరు మెరుగైంది, బాగుంది. చదివిన సరుకు మాటేమిటి? 2011 జనగణన ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవారు ఎనిమిది కోట్ల పైచిలుకు. అంతమంది భాషలో ఎడిటర్ల చేతుల మీదుగా నలిగి వచ్చిన గద్యంలో ఎంతో భాగం పేజ్‌మేకర్‌లో, అను వంటి ఫాంట్లలో కంపోజయింది. ఆ ఫైళ్లలో తెలుగు కంటికి మాత్రమే తెలుగు. ఫాంటు తీసేస్తే మిగిలేది అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల గుంపు. పత్రికల వెబ్‌సైట్లు కూడా చాలాకాలం సొంత ఫాంట్లతోనే నడిచాయి. అలా మన మంచి గద్యం యంత్రానికి సరిగా అందలేదు. అందినదాంట్లో అనువాద వాసన కొట్టే పాఠం తక్కువేమీ కాదు. గూగుల్ అనువాద పనిముట్టుతో ఇంగ్లిష్ వ్యాసాలను తెలుగు వికీపీడియాలోకి దించిన రోజులు అక్కడి సభ్యులకు గుర్తే. వ్యాసాల సంఖ్య పెరిగింది, వాక్యాలు మాత్రం తెలుగు కాలేదు. వాటిని బాగుచేయడం స్వచ్ఛందంగా రాసేవాళ్లకు ఏళ్ల తరబడి తలనొప్పిగా మిగిలింది.

సృజన సాహిత్యంలో దీని ప్రభావం మరింత లోతు. అనిల్ దోషీ, ఆలివర్ హౌసర్ 2024లో సైన్స్ అడ్వాన్సెస్‌లో ప్రచురించిన ప్రయోగంలో, ఏఐ ఇచ్చిన ఆలోచనలతో రాసిన కథలు విడివిడిగా చూస్తే మెరుగ్గా కనిపించాయి. అన్నీ కలిపి చూస్తే ఒకదానికొకటి దగ్గరపడ్డాయి. ఒక్కో రచయితకు లాభం, మొత్తం సాహిత్యానికి నష్టం. రావిశాస్త్రి విశాఖ, నామిని చిత్తూరు, అల్లం రాజయ్య ఉత్తర తెలంగాణ ఒకలా ఉండకపోవడమే తెలుగు కథకు బలం. అందరికీ నచ్చే సగటు తెలుగు అలవాటైన కొద్దీ కరిగిపోయేది ఈ తేడాలే. పనిముట్టును తెలిసి వాడితే సంగతి వేరు. జపాన్ రచయిత్రి రీ కుదాన్ 2024 జనవరిలో అకుతగావా బహుమతి అందుకున్న తన నవలలో కొంత ఏఐ రాసిందేనని చెప్పింది. దాన్ని కథలో ఏఐ పలికే జవాబుల కోసమే వాడానని తరవాత వివరించింది. యంత్రంలా మాట్లాడాల్సిన చోట యంత్రం చేత మాట్లాడించింది. ఎక్కడ వాడాలో తెలిసిన చేయి అది.

ఆ తెలివి ఎక్కడి నుంచి వస్తుందన్నదే అసలు ప్రశ్న. తెలుగు డెస్కులో కొత్తగా చేరినవారికి మొదట అప్పగించేది ఏజెన్సీ కాపీ అనువాదమే. విసుగు పుట్టించే పని. సీనియర్ దాన్ని ఎర్రసిరాతో నింపి వెనక్కిస్తాడు. అంకెలు కూడి చూడమంటాడు, మిలియన్లను లక్షల్లోకి మార్చమంటాడు, ‘ఎవరు ఎవరిని ఏం చేశారో ముందు అది రాయి’ అంటాడు. అలా రెండేళ్లు నలిగితే తప్పు కనిపించే కన్ను వస్తుంది. సినిమా రచనలోనూ ఇదే వరస. సహాయకులు కథాచర్చల్లో కూర్చుంటారు, సీన్లకు వెర్షన్ల మీద వెర్షన్లు రాస్తారు, తెర మీద పేరు లేకుండానే పని నేర్చుకుంటారు. ఏఐ మొదట మింగేది సరిగ్గా ఈ పనులనే. చేయి తిరిగినవాడికి అది మంచి సహాయకుడు, ఎందుకంటే దాని తప్పు అతనికి తెలుస్తుంది. చేయి తిరగనివాడికి చేయి తిరిగే అవకాశమే పోతుంది.

దీనికి ఎదురువాదం ఉంది. నోయ్, ఝాంగ్ అధ్యయనంలో ఎక్కువ లాభపడింది రాతలో వెనకబడ్డవారే కదా అనవచ్చు. నిజమే. కానీ ఆ ప్రయోగం కొలిచింది విడివిడి పనుల్లో వచ్చిన ఫలితాన్ని. అలా పని చేస్తూ పోయినవారు పదేళ్ల తరవాత యంత్రం తప్పును పట్టగలరా లేదా అన్నది దాని పరిధిలో లేదు. ఇంకో వాదన: అక్షరాలు చేత్తో కూర్చే కంపోజిటర్ల స్థానంలో డీటీపీ వచ్చినప్పుడూ ఇలాగే గగ్గోలు పెట్టాం, పత్రికలేమైనా మూతపడ్డాయా? పడలేదు. అయితే డీటీపీ పేజీలో తప్పు పట్టాలంటే సీసపు అక్షరాలు కూర్చడం రానక్కర్లేదు. ఏఐ రాసిన వార్తలో తప్పు పట్టాలంటే మాత్రం వార్త రాయడం వచ్చి తీరాలి. పోతున్న నైపుణ్యం, కావలసిన నైపుణ్యం ఇక్కడ ఒక్కటే.

హాలీవుడ్ రచయితలు ఈ సంగతిని మనకంటే ముందే పసిగట్టారు. 2023లో 148 రోజులు సమ్మె చేసి సాధించుకున్న ఒప్పందంలో ఏఐని నిషేధించమని వాళ్లు పట్టుబట్టలేదు. వాడమని స్టూడియో రచయితను బలవంతం చేయరాదు. కంపెనీ ఒప్పుకుంటే రచయిత వాడుకోవచ్చు. రచయితకు ఇచ్చే సరుకులో ఏఐ రాసింది ఉంటే ముందే చెప్పాలి. ఏఐ చిత్తుప్రతిని చేతిలో పెట్టి, ఇది మూలకథ, నువ్వు దిద్దావంతే అంటూ పారితోషికం కోయడానికి వీల్లేదు. ఎవరి పని ఎంతో, దాని విలువ ఎంతో కాగితం మీద తేల్చుకున్నారు. తెలుగు సినిమాలో సహాయ రచయితకు అసలు కాగితమే ఉండటం అరుదు. పత్రికల్లో కంట్రిబ్యూటర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

కాబట్టి చేయాల్సినవి స్పష్టమే. కొత్తగా చేరిన సబ్ఎడిటర్ చేత కనీసం మొదటి ఏడాది తన కాపీ తానే రాయించాలి, ఆ తరవాతే యంత్రం రాసింది పక్కన పెట్టి పోల్చనివ్వాలి. ఏఐ వాడిన కాపీ అయితే ఆ మాట డెస్కుకు తెలియాలి, అందులోని ప్రతి పేరుకూ ప్రతి అంకెకూ మనిషి చూసిన మూలం ఉండాలి. సరిచూసే పనిని రాసే పనితో సమానంగా లెక్కించి జీతం కట్టాలి. సినిమా రచనలో వెర్షన్ రాసినవారి పేరు, పారితోషికం ముందే ఒప్పందంలో ఉండాలి. పత్రికలు, ప్రచురణ సంస్థలు పాత ఫాంట్లలో ఇరుక్కున్న సంపుటాలను యూనికోడ్‌లోకి మార్చి, హక్కుదారుల అనుమతితో, తగిన ప్రతిఫలానికి మాత్రమే ఏఐ కంపెనీలకు ఇవ్వాలి.

ఏఐ ఆదా చేసే సమయం నిజమైనదే. దాన్ని ఏం చేస్తామన్నది యంత్రం తేల్చే విషయం కాదు, యాజమాన్యాలు తేల్చేది. ఆ గంటలను డెస్కులో కుర్చీలు తగ్గించడానికి వాడితే షికాగోలో జరిగింది మన జిల్లా ఎడిషన్లలోనూ జరుగుతుంది, అక్కడ దొరికినట్టు ఇక్కడ దొరకకపోవచ్చు కూడా. అవే గంటలను విలేకరికి ఇంకో ఊరు తిరగడానికి, సబ్ఎడిటర్‌కు ఇంకో ఫోను చేయడానికి ఇస్తే, తెలుగులో రాత మునుపటికంటే మెరుగవుతుంది. జీతాల పద్దు వేసేటప్పుడు ఈ రెండింటిలో ఏది ఎంచుకున్నారో చెప్పమని ఎడిటర్లు, రచయితల సంఘాలు ఇప్పుడే నిలదీయాలి. కన్ను పోయాక అడిగినా ఫలితం ఉండదు.