తగ్గింది గాలి, నీరు కాదు

2018 సెప్టెంబరు 13, ఉదయం. కాలేజీకి బయల్దేరుతున్నాను. అమెరికాలో విల్మింగ్టన్ నుంచి మా అన్నగారబ్బాయి ఫోన్. అక్కడ అర్ధరాత్రి. ఉత్తర కరోలినా తీరంలోని ఆ ఊరి వైపే అట్లాంటిక్ మీదుగా ఫ్లారెన్స్ తుపాను వస్తోంది.

“బాబాయ్, నాలుగో కేటగిరీ నుంచి రెండుకి దిగింది. ఇక ఊరు విడవక్కర్లేదు” అన్నాడు. వాడి ధీమా విని నాకు దడ పుట్టింది.

ఆ అంకె గాలి వేగానికి మాత్రమే వేసే మార్కు. వానకీ ఉప్పెనకీ అందులో చోటు లేదు. మయామీలోని హరికేన్ కేంద్రం వారు గాలి తగ్గిందంటూనే, వరద ముప్పు తగ్గలేదనీ చెబుతున్నారు. మావాడు మొదటి మాటే విన్నాడు.

“ఒక్క సబ్జెక్టు మార్కు చూసి ప్యాసయ్యానంటావట్రా? బయల్దేరు!” అని కేకలేశాను. విన్నాడు.

14న తుపాను ఒకటో కేటగిరీగా ఆ ఊరి పక్కనే తీరం దాటింది. ఆపైన మనిషి నడకంత వేగంతో సాగుతూ కురుస్తూనే ఉంది. ఎలిజబెత్‌టౌన్ దగ్గర వాన 35 అంగుళాలు దాటింది. వరద దారులన్నీ మూసేసి విల్మింగ్టన్‌ను దీవిని చేసింది.

తుపాను బలహీనపడిందని ఎవరన్నా ఇప్పుడు నేను ఒకటే అడుగుతాను: గాలా, నీరా?