బరువు తూకం కోసం బిడ్డ నోరు ఎండగట్టకండి

తల్లిదండ్రులారా! రేపు కరాటే పోటీ అనగా ఈ రాత్రి మీ పద్నాలుగేళ్ల బిడ్డకు అన్నం, నీళ్లు మాన్పిస్తున్నారా? రెండు కిలోలు తగ్గితే కింది విభాగంలో సులువుగా గెలవవచ్చని మాస్టారు చెప్పారా? దయచేసి ఆ మాట వినకండి.

ఒక్క రాత్రిలో తగ్గేది కొవ్వు కాదు, నీరు. నీరు తగ్గితే రక్త పరిమాణం తగ్గుతుంది, గుండె వేగం పెరుగుతుంది, ఒంటి వేడి బయటకు పోదు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. 1997 నవంబరు, డిసెంబరు నెలల్లో అమెరికాలో ముగ్గురు కళాశాల మల్లయోధులు రబ్బరు దుస్తులు ధరించి, చెమటోడ్చి బరువు తగ్గించుకుంటూ మరణించారు. ఆ తరువాతే అక్కడ తూకం నిబంధనలు మారాయి. మనం కూడా చావులు చూశాకే మేలుకోవాలా?

“అందరూ చేస్తున్నదే కదా” అంటారు. అందరూ చేస్తే లాభం ఎవరికి? ప్రత్యర్థి కూడా దాహంతోనే బరిలోకి వస్తాడు. నష్టం ఇద్దరిదీ.

కరాటే వద్దని నేను అనను. విన్యాసాలు ప్రదర్శించే కటాలో బరువు విభాగాలే లేవు. ఎదురెదురుగా తలపడే కుమిటేలో బిడ్డ ఎంత బరువుంటే ఆ విభాగంలోనే దింపండి. ఎదిగే వయసులో బరువు పెరగడం ఆరోగ్య లక్షణం. ఈ ఏడు ఓడిన బిడ్డ వచ్చే ఏడు గెలవవచ్చు. నీళ్లు తాగవద్దనే మాస్టారిని మాత్రం నేడే మార్చండి.